పేరు కాదు.. ప్యాచ్ చేర్చండి!

హైదరాబాద్ నుంచి హన్మకొండ వచ్చే బస్సులో మడికొండ దాటుతుంటే మీలో చాలామందికి ఒకటే ఆలోచన వస్తుంది. 'ఈ ఐటీ సెజ్‌లో నాకూ ఓ కుర్చీ దొరుకుతుందా?' అని. 2020 జనవరి 7న టెక్ మహీంద్రా, సైయెంట్ కేంద్రాలు ఇక్కడ మొదలైనప్పుడు ఓరుగల్లు పిల్లలకు ఓ ఆశ పుట్టింది. ఉద్యోగం కోసం అమీర్‌పేట హాస్టల్లో ఇరుకు గది వెతుక్కోనక్కర్లేదని. అప్పుడు ఇంటర్ చదివినవాళ్లు ఇప్పుడు ఇంజినీరింగ్ కూడా దాటేశారు. రెజ్యూమె చేత పట్టుకుని తిరుగుతున్నారు. వాళ్లలో ఎవరిని కదిలించినా ఒకటే మాట: "ఫ్రెషర్ అంటే తీస్కుంట లేరు సార్. ఎక్స్‌పీరియన్స్ కావాలంటున్రు. జాబ్ ఇయ్యకుంటే ఎక్స్‌పీరియన్స్ ఏడికెళ్లి వస్తది?"

న్యాయమైన ప్రశ్నే. దీనికి నా దగ్గర ఓ జవాబు ఉంది. అది మీ ల్యాప్‌టాప్‌లోనే ఉంది. రోజూ మీరు ప్రోగ్రాం టైప్ చేసే టెక్స్ట్ ఎడిటర్‌లో.

ఇద్దరు అభ్యర్థులు

కొన్నేళ్లుగా ఫ్రెషర్ల ఇంటర్వ్యూల్లో అవతలి కుర్చీలో కూర్చుంటున్నాను. ఒకసారి ఒకే కాలేజీ నుంచి ఐదుగురు వచ్చారు. ఐదుగురి రెజ్యూమెల్లోనూ ఒకే ప్రాజెక్టు: ముఖం చూసి హాజరు వేసే సిస్టం. మొదటి అబ్బాయిని ల్యాప్‌టాప్ తెరవమని, ఓ లైను చూపించి "ఈ లైను తీసేస్తే ఏమవుతుంది?" అని అడిగాను. మౌనం. కాసేపటికి తనే చెప్పాడు, "కొన్నది సార్". ఎంతకు కొన్నావని నేను అడగలేదు. అబద్ధం ఆడనందుకు మాత్రం మనసులో మెచ్చుకున్నాను. ఆ ఉద్యోగం అతనికి రాలేదు.

అదే వారం ఓ అమ్మాయి వచ్చింది. ఆమె రెజ్యూమెలో పెద్ద ప్రాజెక్టు ఏదీ లేదు. ఒకే ఒక్క లైను: ఓ ఓపెన్ సోర్స్ ఎడిటర్‌లో బగ్ రిపోర్టు చేశాను అని. ఏం బగ్ అని అడిగితే, తెలుగులో 'సాఫ్ట్‌వేర్' అని వెతికితే అదే ఫైల్లో ఉన్న కొన్ని 'సాఫ్ట్వేర్'లు దొరకడం లేదట. ఎందుకని తవ్వితే, మొదటి దాంట్లో 'ట్'కీ 'వే'కీ మధ్య కంటికి కనిపించని ఓ అక్షరం ఉంది. ఒత్తు పడకుండా ఆపడానికి పెట్టేది. మనకు రెండూ ఒకే మాట. కంప్యూటర్‌కు వేర్వేరు. ఆమె ఈ సంగతి వివరంగా రాసి పంపింది. ప్రాజెక్టువాళ్లు ఏమన్నారు? "ఉన్నది ఉన్నట్టు వెతకడమే మా పద్ధతి, ఇది బగ్ కాదు" అన్నారు. అంటే ఆమె రిపోర్టు తిరస్కరించారు!

అయినా ఆ ఒక్క లైను మీద మేం ఇరవై నిమిషాలు మాట్లాడుకున్నాం. యూనికోడ్ అంటే ఏమిటో, వెతుకులాట లోపల ఎలా జరుగుతుందో, అవతలివాళ్ల వాదనలో న్యాయం ఎంతో ఆమె చెబుతూ పోయింది. ఉద్యోగం ఆమెకు వచ్చింది. ఒప్పుకోని బగ్ కొన్న ప్రాజెక్టు కంటే ఎక్కువ పలికింది. ఎందుకంటే అది ఆమెది.

ఎడిటరే ఎందుకు?

ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులు లక్షల్లో ఉన్నాయి. వాటిలో టెక్స్ట్ ఎడిటర్‌తోనే మొదలుపెట్టమని ఎందుకంటున్నానంటే, దాన్ని మీరు ఇప్పటికే వాడుతున్నారు. ఎక్కడ చికాకు పెడుతుందో మీకు తెలుసు. ఎవరికీ అక్కర్లేని సమస్యను ఊహించుకుని ప్రాజెక్టు చేయాల్సిన పని లేదు.

రెండోది, మీ సెకండియర్ సిలబస్ మొత్తం ఎడిటర్‌లో నడుస్తూ కనిపిస్తుంది. పెద్ద ఫైల్ మధ్యలో ఓ అక్షరం టైప్ చేస్తే మిగతా లక్షల అక్షరాలనూ పక్కకు జరపాలా? అక్కర్లేదు. ఈమ్యాక్స్ దీనికి గ్యాప్ బఫర్ వాడుతుంది. కర్సర్ ఉన్నచోట కొంత ఖాళీ ఉంచి, అందులో నింపుకుంటూ పోతుంది. వీఎస్ కోడ్ 2018లో పీస్ ట్రీ అనే పద్ధతికి మారింది. అసలు ఫైల్‌ను కదపకుండా, మార్పులను ముక్కలుగా విడిగా దాచి, చెట్టులా గుర్తుపెట్టుకుంటుంది. విమ్‌లో 'అన్‌డూ' మామూలు స్టాక్ కాదు, కొమ్మలున్న చెట్టు. వెనక్కి వెళ్లి కొత్తగా రాసినా పాత కొమ్మ పోదు. పరీక్షల కోసం బట్టీ పట్టిన ట్రీలు, స్టాక్‌లు ఎందుకు పుట్టాయో ఇక్కడ అర్థమవుతుంది.

మూడోది, మీకు వచ్చిన భాషను బట్టి ఎంచుకోవచ్చు. సీ వస్తే విమ్. సీ ప్లస్ ప్లస్ వస్తే నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్. టైప్‌స్క్రిప్ట్ అయితే వీఎస్ కోడ్. అది 2015 నుంచి తన సోర్స్ కోడ్‌ను బయటపెట్టింది. ఇంకో మాట కూడా చెప్పుకోవాలి. మనలో అందరి దగ్గరా ఖరీదైన ల్యాప్‌టాప్ ఉండదు. నాలుగు జీబీ ర్యామ్ మీద వీఎస్ కోడ్‌ను సోర్స్ నుంచి తయారుచేయాలంటే చుక్కలు కనిపిస్తాయి. విమ్‌కు ఆ బాధ లేదు. పాత మెషీన్ మీద కూడా టీ తాగి వచ్చేలోపు తయారవుతుంది. లేనివాడికి విమ్ మంచి నేస్తం.

తలుపు మీద పేర్లు రాసి పోతున్నాం

ఇప్పుడు కొంచెం చేదు మాట. ఓపెన్ సోర్స్ అనగానే మన కాలేజీల్లో ఓ అడ్డదారి ప్రచారంలోకి వచ్చింది. ఏదో ఓ పేరున్న ప్రాజెక్టు తెరవడం, రీడ్‌మీ ఫైల్లో ఓ పదం మార్చడమో తమ పేరు చేర్చడమో, పుల్ రిక్వెస్ట్ పంపడం, 'ఓపెన్ సోర్స్ కంట్రిబ్యూటర్' అని రెజ్యూమెలో రాసుకోవడం. 2020 అక్టోబర్‌లో హ్యాక్‌టోబర్‌ఫెస్ట్ మొదలవగానే టీషర్టు కోసం ఇలాంటివి కుప్పలుగా వచ్చి పడ్డాయి. తట్టుకోలేక నిర్వాహకులు మూడో తేదీకల్లా నిబంధన మార్చారు. ప్రాజెక్టు ముందుగా ఒప్పుకుంటేనే లెక్కలోకి తీసుకుంటామన్నారు. 2024లో ఎక్స్‌ప్రెస్ అనే ప్రాజెక్టుకూ ఇదే గతి పట్టింది. యూట్యూబ్‌లో ఓ పాఠం చూసిన విద్యార్థులు, అందులో ఉదాహరణగా చూపించిన అదే రీడ్‌మీకి తమ పేర్లు చేర్చి వరసపెట్టి పంపించారు. వాళ్లలో ఎక్కువమంది మన దేశపు పిల్లలే.

ఆ విద్యార్థులను తిట్టడం తేలిక. వాళ్లకు ఎవరూ సరిగా చెప్పలేదన్నది అసలు సంగతి. కానీ అవతల ఎవరున్నారో ఒక్కసారి ఆలోచించండి. ఈ ప్రాజెక్టులు చూసుకునేవాళ్లలో చాలామందికి దాని మీద జీతం లేదు. పగలు ఉద్యోగం చేసి, రాత్రి పిల్లలు పడుకున్నాక కూర్చుంటారు. మన ఒక్కో పనికిరాని రిక్వెస్టు వాళ్ల ఒక్కో రాత్రిని తింటుంది. అంతకంటే పెద్ద నష్టం మనకే. రేపు మీరు నిజంగా పనికొచ్చే ప్యాచ్ పంపితే, మీ పేరూ ఊరూ చూసి 'మళ్లీ అదేనేమో' అని పక్కన పెట్టే ప్రమాదం ఉంది. ముందు వెళ్లినవాళ్లు గోడ మీద గీతలు గీసి వస్తే, వెనక వెళ్లేవాళ్లకు తలుపు తీయరు.

ఇప్పుడు దీనికి ఏఐ తోడైంది. అర్థం కాని కోడ్‌ను ఏఐతో రాయించి పంపడం కూడా కొన్న ప్రాజెక్టు లాంటిదే. సాయం తీసుకోండి, తప్పు లేదు. అర్థం కానిచోట వివరించమని అడగండి. కానీ 'ఈ లైను తీసేస్తే ఏమవుతుంది?' అన్న ప్రశ్నకు జవాబు చెప్పలేని కోడ్‌ను మీ పేరు మీద పంపకండి.

తెలుగే మీ బలం

మరి నిజమైన పని ఎక్కడ దొరుకుతుంది? ప్రపంచంలో గొప్ప ప్రోగ్రామర్లు బోలెడుమంది. వాళ్లలో ఎక్కువమందికి లేనిది మీ దగ్గర ఒకటుంది. మీకు తెలుగు వచ్చు.

'స్త్రీ' అని టైప్ చేయండి. కంటికి ఒక్క అక్షరం. కంప్యూటర్‌కు ఆరు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడి దీర్ఘం. యూటీఎఫ్-8లో దాచితే 18 బైట్లు. ఇప్పుడు బ్యాక్‌స్పేస్ ఒకసారి నొక్కండి. గుడి దీర్ఘం ఒక్కటే పోవాలా, మొత్తం అక్షరం పోవాలా? కర్సర్ మధ్యలో ఆగొచ్చా? ఒక్కో ఎడిటర్ ఒక్కోలా చేస్తుంది. టెర్మినల్‌లో విమ్ తెరిచి తెలుగు పేరా పెట్టి చూడండి. అక్షరాలను సమానమైన గళ్లలో కూర్చే ఆ పద్ధతికి మన ఒత్తులు, గుణింతాలు లొంగవు. ఇవన్నీ ఇంగ్లిష్ మాత్రమే టైప్ చేసేవాళ్ల కంట పడని సమస్యలు.

ఇది చిన్న విషయం అనుకోవద్దు. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా'కు సంబంధించిన ఓ తెలుగు అక్షరాల కూర్పు మెసేజ్‌గా వస్తే ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలాయి. ప్రపంచమంతా వార్త అయింది. యాపిల్ హడావుడిగా 11.2.6 అప్‌డేట్ ఇచ్చి సరిచేసుకుంది. అంత పెద్ద కంపెనీకే తెలుగు ఒత్తు చెమటలు పట్టించిందన్నమాట. ఆ బగ్‌ను ముందే పట్టుకోగలిగినవాళ్లు ఎక్కడుంటారు? తెలుగు టైప్ చేసేవాళ్లలోనే కదా!

మనవాళ్లు ఈ దారిలో ఇదివరకే నడిచారు. ఇంగ్లిష్ అక్షరాలు కొడితే తెలుగు వచ్చే 'లేఖిని'ని మీ ఇంట్లో పెద్దవాళ్లు వాడే ఉంటారు. వీవెన్ తయారుచేసిన ఆ పరికరం వెనక నాగార్జున వెన్న రాసిన 'పద్మ' అనే ఓపెన్ సోర్స్ కోడ్ ఉంది. ఒకరు రాసి బయట పెట్టారు, ఇంకొకరు అందుకుని వేలమంది చేతికి అందేలా చేశారు. తెలుగు బ్లాగులు పుట్టిన రోజుల్లో ఎందరికో అదే పలక, అదే బలపం. ఈమ్యాక్స్ తెరిచి కంట్రోల్-హెచ్, ఆ తర్వాత హెచ్ నొక్కి చూడండి. ప్రపంచ భాషల పలకరింపుల జాబితా వస్తుంది. అందులో తెలుగు లిపిలో 'నమస్కారం' ఉంటుంది. నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్ సోర్స్‌లో మెనూల అనువాదాలున్న ఫోల్డర్ చూస్తే తెలుగు ఫైలూ ఉంటుంది. వాటిని ఎవరో ఒకరు కూర్చుని చేర్చారు. అందులో ఏ మాట తప్పుందో, ఏ కొత్త మెనూకు ఇంకా తెలుగు లేదో చూడటం ఈ సాయంత్రమే మొదలుపెట్టగల పని.

మడికొండ కాళోజీ పెరిగిన ఊరు. జనం మాట్లాడే భాషకే పట్టం కట్టాలని జీవితాంతం పోట్లాడిన మనిషి ఆయన. ఆయన పుట్టిన సెప్టెంబర్ 9ని తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. ఆ రోజు దండలు వేయడంతో ఆగకుండా, ఆయన ఊళ్లో ఐటీ ఉద్యోగం వెతుక్కునే మనం ఓ ఎడిటర్‌లో తెలుగు సరిగా పలికేలా ఒక్క ప్యాచ్ వేస్తే అంతకంటే నివాళి ఏముంటుంది?

ఎలా మొదలుపెట్టాలి?

మొదటి వారం కోడ్ ముట్టుకోవద్దు. ఒక ఎడిటర్‌ను ఎంచుకుని అన్ని పనులకూ అదే వాడండి. విమ్ అయితే దాంతోపాటే వచ్చే విమ్‌ట్యూటర్ పాఠం పూర్తి చేయండి. చికాకు పెట్టిన ప్రతిదీ నోట్‌బుక్‌లో రాసుకోండి.

రెండో వారం, 'కంట్రిబ్యూటింగ్' అన్న ఫైల్ చదవండి. ప్రతి ప్రాజెక్టుకూ ఇంటి పద్ధతులు ఉంటాయి. ఉదాహరణకు ఈమ్యాక్స్‌కు పదిహేను లైన్లకు మించిన కోడ్ ఇవ్వాలంటే ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్‌తో కాపీరైట్ కాగితాల పని పూర్తిచేయాలి. ఇవి తెలియకుండా వెళ్తే చెప్పులతో వంటింట్లోకి వెళ్లినట్టే. తర్వాత సోర్స్ దించుకుని మీ మెషీన్ మీద నడిచేలా చేయండి. ఇక్కడే సగం మంది ఆగిపోతారు. ఎర్రర్లు వస్తాయి. అవి దాటడమే మొదటి పరీక్ష.

మూడో వారం, ఇతరులు పెట్టిన ఇష్యూలు చదవండి. 'గుడ్ ఫస్ట్ ఇష్యూ' అని గుర్తు పెట్టినవి కొత్తవాళ్ల కోసమే. కానీ చూడగానే 'నాకు ఇవ్వండి సార్' అని రాయొద్దు. ముందు ఆ సమస్యను మీ మెషీన్ మీద మళ్లీ తెప్పించండి. వచ్చిందా? ఏ వెర్షన్, ఏ ఆపరేటింగ్ సిస్టం, ఏం చేస్తే వచ్చింది, ఏం జరగాలి, ఏం జరిగింది అన్న ఐదు సంగతులు రాయండి. పాత బగ్ ఇప్పుడు రావడం లేదని నిర్ధారించడం కూడా గొప్ప సాయమే. ఒక్క లైను కోడ్ రాయకుండానే మీరు ఆ బృందానికి పనికొచ్చారు.

ఇంగ్లిష్ రాదని భయమా? చిన్న వాక్యాలు రాయండి. వ్యాకరణం తప్పినా ఎవరూ నవ్వరు. 'రెస్పెక్టెడ్ సార్'లు, నాలుగు లైన్ల క్షమాపణలు అక్కర్లేదు. ఏం ప్రయత్నించారో, ఎక్కడ ఆగిపోయారో చెప్పండి చాలు.

ఆ తర్వాతే ప్యాచ్. ఎంత చిన్నదైతే అంత మంచిది. ఇది నా అనుభవంతో చెబుతున్నాను. నా మొదటి ప్యాచ్‌లో అసలు సవరణ మూడు లైన్లు. కానీ నా ఎడిటర్ సెట్టింగ్ పుణ్యమా అని ఫైల్లోని ట్యాబ్‌లన్నీ స్పేస్‌లుగా మారిపోయి, నాలుగు వందల లైన్లు మారినట్టు వెళ్లింది. 'ఏం మార్చావో నువ్వే చూసుకున్నావా?' అని అడిగి మూసేశారు. రెండు రోజులు ఆ పేజీ తెరవలేదు. మూడో రోజు మూడే లైన్లు పంపాను. తీసుకున్నారు.

తిరస్కరిస్తే అక్కడితో కథ అయిపోదు. తియాగో డి అరుడా అనే బ్రెజిల్ ప్రోగ్రామర్ విమ్‌కు పంపిన పెద్ద ప్యాచ్‌ను తీసుకోలేదు. ఆయన 2014లో నియోవిమ్ మొదలుపెట్టాడు. ఇప్పుడు రెండూ ఒకదాన్ని చూసి ఒకటి మెరుగవుతున్నాయి.

ఊరికే ఎందుకు చేయాలి?

ఇంట్లో అప్పుంది, ఫీజు రీయింబర్స్‌మెంట్ రాలేదు, సాయంత్రం డెలివరీ పని ఉంది. ఇలాంటప్పుడు జీతం లేని పని చేయమంటారా అని మీరు అడగొచ్చు. అడగాలి కూడా. నేనూ తీపి మాటలు చెప్పను. ఒక ప్యాచ్ వేస్తే ఉద్యోగం ఖాయమని ఎవరు చెప్పినా నమ్మొద్దు. డబ్బు తీసుకుని 'ఓపెన్ సోర్స్ కోర్సు' నేర్పుతామంటే అసలే నమ్మొద్దు. సోర్స్ తెరిచే ఉంది, దానికి టికెట్ లేదు. వారానికి నాలుగు గంటలు కుదిరితే నాలుగు గంటలే చేయండి. స్టైపెండ్ ఇచ్చే దారులూ ఉన్నాయి. 2005లో మొదలైన గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్ 2022 నుంచి విద్యార్థులకే పరిమితం కాకుండా, పద్దెనిమిదేళ్లు నిండిన కొత్తవాళ్లకూ తలుపు తీసింది. ఔట్‌రీచీ కూడా స్టైపెండ్‌తో ఇంటర్న్‌షిప్‌లు ఇస్తుంది. అక్కడ ఎంపికయ్యేదీ ముందునుంచే ప్రాజెక్టుతో కలిసి చిన్నచిన్న పనులు చేసినవాళ్లే.

ఈ బాధ్యత మీ ఒక్కరిదే అనడం కూడా అన్యాయం. ఓ ప్రాజెక్టు స్వీకరించిన ప్యాచ్‌ను మినీ ప్రాజెక్టుగా లెక్కించడానికి మన కాలేజీలకు అడ్డేముంది? కొన్న ఫైలుకు మార్కులు వేసే చేత్తో, నిజంగా చేసిన మూడు లైన్లకు వేయలేమా? ఇంటర్వ్యూలు చేసే నాలాంటివాళ్లం కూడా పర్సంటేజీ తర్వాతి ప్రశ్నగా 'నువ్వు చేసింది ఏదైనా చూపించు' అని అడగాలి. మేం అడగకపోతే మీరెందుకు చేస్తారు?

చివరగా ఒక మనిషి గురించి. విమ్‌ను 1991లో విడుదల చేసిన బ్రామ్ మూలెనార్, తన ఎడిటర్ నచ్చితే ఉగాండాలోని అనాథ పిల్లలకు సాయం చేయమని అడిగేవారు. ముప్పై ఏళ్లకు పైగా దాన్ని కాపాడుకుంటూ వచ్చిన ఆయన 2023 ఆగస్టు 3న కన్నుమూశారు. ప్రాజెక్టు ఆగిపోలేదు. ఏళ్లుగా చిన్నచిన్న ప్యాచ్‌లు వేసుకుంటూ వచ్చినవాళ్లు బాధ్యత తీసుకున్నారు. 2024 జనవరిలో విమ్ 9.1 తెచ్చి ఆయనకు అంకితమిచ్చారు. అట్లాగని ప్రతి ఎడిటర్‌కూ ఆ అదృష్టం ఉండదు. ఒకప్పుడు మీ సీనియర్లు మోజుగా వాడిన ఆటమ్‌ను 2022 డిసెంబర్ 15న గిట్‌హబ్ మూసేసింది. దాని కోడ్ తీసుకుని కొందరు పల్సర్‌గా నిలబెట్టుకుంటున్నారు. తర్వాతి చేతులు ఉన్నంతకాలమే ఏదైనా బతుకుతుంది.

ఆ చేతులు మడికొండవీ కావొచ్చు. ఈ రాత్రి ఎడిటర్ తెరవండి. 'స్త్రీ' అని టైప్ చేసి, బ్యాక్‌స్పేస్ నొక్కి, ఏం జరిగిందో రాసుకోండి. రేపు ఇంటర్వ్యూలో ఎవరైనా 'నువ్వేం చేశావు?' అంటే, చెప్పడానికి మీకంటూ ఓ మొదటి వాక్యం ఉంటుంది.